జనుము గింజలు కోళ్లకు మేతయగునా?

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతముల రైతునకు కోడి చిన్న సొమ్ము గాదు. వాన తప్పి చెనక్కాయ పంట పోయిన యేట పెరటిలోని పది పెట్టలే ఉప్పుపప్పులకును, పిల్లల పుస్తకములకును ఆధారమగుట మనము చూచుచున్నదే. ఆ సొమ్ము సాధారణముగ ఇల్లాలి చేతిది. కావున కోళ్ల మేతను గూర్చి ఏ క్రొత్త మాట వినవచ్చినను ఆశతో చెవియొగ్గుట సహజము. అయితే విన్నంతనే ఆచరింపక, విచారించి ఆచరించుట మేలు.

ఇటీవల కొందఱు సంఘ సభ్యులు మమ్ము ఒక ప్రశ్న అడుగుచున్నారు. "దూరదేశములలో జనపగింజలను, వాని చెక్కను కోళ్ల మేతలో కలుపుచున్నారట. గ్రుడ్డునకు బలము హెచ్చునట. పచ్చిరొట్టకై తెచ్చిన జనుము విత్తనము మా యింట రెండు మూడు కిలోలు మిగిలియున్నది. దానిని కోళ్లకు వేయవచ్చునా?" అని. ప్రశ్న చిన్నదే. కాని దీనికి తప్పు జవాబు చెప్పుకొన్నవాని కోళ్లగూడు ఖాళీ కావచ్చును. అందుచేత జవాబును మొదటనే చెప్పుచున్నాము: వేయరాదు. ఏల వేయరాదో, విదేశములవారు పెట్టుచున్నది ఏ గింజయో, మన కోళ్లకు మన యూరనే దొరకు మంచి మేత యెద్దియో ఈ క్రింద వివరించుచున్నాము.

పేరొక్కటి, మొక్కలు నాలుగు

ఈ పొరపాటునకు మూలము పేరులోనే యున్నది. ఆంగ్లేయులు నార నిచ్చు పెక్కు మొక్కలకు "హెంపు" అను నొక్క పేరే పెట్టిరి. మన జనుము వారికి "సన్ హెంపు". మన గోగు "దక్కను హెంపు". గంజాయి మొక్క "ఇండియన్ హెంపు". ఆ మాటను తెలుగు చేయువారు అన్నిటికిని "జనప" యనియే వ్రాయుచున్నారు. దీనికి తోడు గోనెసంచుల నారనుగూడ మనము జనపనార యనుచున్నాము. ఆ నార నిచ్చునది వంగదేశమున విరివిగా పండు వేఱొక మొక్క. ఇట్లు నాలుగు మొక్కలు ఒక్క పేరు క్రింద దాగియున్నవి.

వీనిని రైతు కంటితోనే వేఱు చేయవచ్చును. జనుము చిక్కుడు జాతిది. సన్నని పొడవైన ఆకు, పసుపుపచ్చని పూవు, ఎండిన పిమ్మట ఊపిన గలగలలాడు కాయ దాని గుర్తులు. గోగు మందారమునకు చుట్టము, గోంగూరకు మూలము. లేతపసుపు పూవు నడుమ ముదురెఱుపు మచ్చ యుండును. వంగదేశపు జనుము మన పొలములలో సాధారణముగ కానరాదు. నాలుగవది గంజాయి. చేతివ్రేళ్లవలె చీలిన దాని యాకును గోగాకు కొంత పోలియుండుటచేతనే శాస్త్రజ్ఞులు గోగునకు గంజాయిని తలపించునట్లు "కన్నాబినస్" అని పేరిడిరి.

విదేశములలో కోళ్లకు పెట్టి చూచి మంచిదనిన గింజ ఈ నాలుగవ మొక్కదే. అదియు మత్తు పదార్థము నూటికి 0.3 పాలు మించని ప్రత్యేక రకములది మాత్రమే. మన జనుమునకు దానితో పేరు తప్ప వేఱు బంధుత్వము లేదు.

విదేశములలో పరీక్షించిన సంగతి

ఆ గింజయందు మాంసకృత్తులు నూటికి సుమారు 25 పాళ్లును, నూనె 30 పాళ్లకు పైగను ఉండును. నూనె తీసిన చెక్కయందు మాంసకృత్తులు 30 పాళ్లు దాటును. ఐరోపాలో పంజరపు పక్షులకు ఈ గింజలు పెట్టుట చాల కాలముగా నున్న అలవాటు. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయమువారు గ్రుడ్ల పెట్టల మేతలో నూటికి 20 పాళ్లవఱకు ఈ గింజలు కలిపి చూచి, పెట్టలకు కీడు కలుగలేదనియు, పచ్చసొనలో ఒమేగా-3 అను మేలైన క్రొవ్వు హెచ్చినదనియు 2012లో ప్రకటించిరి. ఐరోపా ఆహారరక్షణ సంస్థవారు 2011లో ఇంకను జాగ్రత్తగా, మాంసపు కోళ్లకు 3 పాళ్లు, గ్రుడ్ల పెట్టలకు 5 మొదలు 7 పాళ్లు చాలునని అభిప్రాయ మిచ్చిరి. అమెరికాలో మేతల నియంత్రణాధికారుల సంఘమువారు గ్రుడ్ల పెట్టలకు దీని చెక్కను నూటికి 20 పాళ్లవఱకు వాడుటకు 2024లో సమ్మతించిరి. థాయిలాండులో చియాంగ్ మై విశ్వవిద్యాలయమువారు గంజాయి మొక్కనే కోళ్లకు మేతలో పెట్టి చూచుచున్న వార్త 2022లో పత్రికల కెక్కెను. మన యూళ్లలో వినవచ్చు మాటలకు ఇట్టి వార్తలే మూలము.

ఈ పరీక్షలు అబద్ధములు గావు. కాని వాని ఫలము మన రైతునకు ఎంతమాత్రము పనికివచ్చునో తూచి చూడవలెను. మాంసకృత్తుల కొఱకైనచో, ఆ చెక్కలోని 30 చిల్లర పాళ్లకన్న మన చెనక్కాయ చెక్కలోని 40 మొదలు 45 పాళ్లే మిన్న. మేలైన క్రొవ్వు కొఱకైనచో, దానిని మించి యిచ్చు గింజ వేఱొకటి మన యంగళ్లలోనే దొరకుచున్నది. దానిని ముందు చెప్పుదుము.

చట్టము మాట

మాదకద్రవ్యముల చట్టము 1985లో వచ్చినది. అనుమతి లేక గంజాయి మొక్కను పెంచినవానికి ఆ చట్టము 20వ సెక్షను క్రింద పదేండ్ల వఱకు కఠినశిక్షయు, లక్ష రూపాయల వఱకు జుల్మానాయు విధింపవచ్చును. నారకును గింజకును పెంచుటకు ప్రభుత్వము ప్రత్యేకముగ అనుమతి నీయవచ్చునని 14వ సెక్షను చెప్పుచున్నది. ఉత్తరాఖండ ప్రభుత్వము 2018లో అట్టి అనుమతి నిచ్చెను. ఆ మాట విని మన రైతు తన చేన నాలుగు మొక్కలు వేసికొనిన, అది మేత యనిపించుకొనదు, నేర మనిపించుకొనును. విశాఖ మన్యమున 2021లో "ఆపరేషన్ పరివర్తన" పేర వేల యెకరముల గంజాయి తోటలను పెఱికి తగులబెట్టిన సంగతి పాఠకు లెఱిగినదే.

గింజను మనుష్యుల ఆహారముగ అమ్ముటకు 2021లో కేంద్ర ఆహారభద్రతా సంస్థవారు నియమముల నేర్పఱచిన మాట నిజమే. అట్లు అమ్మెడి గింజలు కిలో వందల రూపాయలు పలుకును. అంత వెల పెట్టి కొని కోడికి వేసి, దాని గ్రుడ్డును సంతలో అమ్మి లాభము గడించు లెక్క మాకు ఎట్లు వేసినను కుదురలేదు.

జనుము గింజలోని విషము

ఇక అసలు సంగతి. జనుము పొలమునకు అమృతము. గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెలలో నిలిపి నేలకు ఇచ్చును. ఎకరమునకు సుమారు 15 కిలోల విత్తనము చల్లి, పూత దశలో, అనగా 45 మొదలు 50 దినములకు, కలియదున్నిన భూమి గుల్లబాఱి, తరువాతి పైరు నల్లగా ఎదుగును. మామిడితోటల పాదుల నడుమ వేసి దున్నుటయు మంచిదే. లేత జనుమును పశువులకు మితముగ మేపుటయు కొన్ని సీమలలో గలదు. అందుచేతనే, "గొడ్డు మేయునది కోడి తినగూడదా?" అని యడుగువారు గలరు.

గొడ్డు తినునది ఆకు, కోడికి వేయదలచినది గింజ. రెండింటికిని భేదము గలదు. జనుమును, అడవి బీళ్లలో మొలచు గిలిగిచ్చ మొక్కలును ఒక్క కుదురువి. వీని గింజలలో కాలేయమును, అనగా కార్జమును, చెఱచు విషక్షారములు గలవు. గిలిగిచ్చ జాతులలో కొన్నింటియందు ఈ విషము మిక్కిలి యెక్కువ, జనుమునందు తక్కువ. తక్కువయైనను లేకపోలేదు. ఆకులోకన్న గింజలో అది చేరియుండును. గొడ్డు వందల కిలోల బరువుగలది, కోడి రెండు కిలోలది. గొడ్డు పొట్టలో కొంత విషము విఱిగిపోవును, కోడి పొట్టలో అట్లు జరుగదు. ఉడికించినను, నానబెట్టినను ఆ విషము పూర్తిగా పోవునని నమ్మరాదు.

దీనిలోని మోసమేమన, కోడి తిన్ననాడే చావదు. మొదట మేత తగ్గించును. పిల్లలు ఎదుగుట మానును. పెట్ట గ్రుడ్డు మానును, జుట్టు పాలిపోవును. కొన్నింటికి పొట్టలో నీరు దిగును. వారములు గడచిన పిమ్మట ఒకటొకటిగా పడిపోవును. రైతు దానిని కొక్కెర తెగులనియో, దిష్టి యనియో తలచి మందులకు పరుగెత్తును గాని, మూల నున్న విత్తనపు సంచిని అనుమానింపడు. అంతేకాదు, ఈ విషములో కొంత భాగము గ్రుడ్డులోనికిని దిగును. ఆ గ్రుడ్డు తినునది మన పిల్లలే.

ఇది కోళ్లతో ముగియు సంగతి కాదని తెలుపుటకు ఒక నిదర్శనము చాలును. 1970వ దశకమున, నాటి మధ్యప్రదేశములోను నేటి ఛత్తీస్‌గఢ్‌లోను ఉన్న సర్గుజా జిల్లాలో, కొన్ని గ్రామములవారికి కార్జము చెడి పొట్టలు ఉబ్బు రోగము వచ్చెను. వైద్యులు వెదకి చూడగా, వారు తిను సామలలో జనుము కుదురునకే చెందిన ఒక అడవి మొక్క గింజలు కలిసియుండెను. 1976లో ప్రకటించిన లెక్క ప్రకారము 67 మంది జబ్బుపడగా 28 మంది మరణించిరి. వారు విషమని తెలిసి తినలేదు. కళ్లములో కలిసిన గింజను ఏఱివేయలేదు, అంతే.

కావున మన సభ్యులు ఈ నాలుగు జాగ్రత్తలు పాటింపవలెనని కోరుచున్నాము.

మొదటిది. విత్తగా మిగిలిన జనుము గింజను మూట గట్టి, పేరు వ్రాసి, కోళ్లకును పిల్లలకును అందని చోట వ్రేలాడదీయవలెను. మందు పట్టించిన విత్తనమైనచో అపాయము రెండింతలు.

రెండవది. విత్తనమునకై జనుము పండించువారు, సామలు, కొఱ్ఱలు, రాగులు నూర్చు కళ్లములో దానిని నూర్పరాదు. నూర్చితిరేని కళ్లమును శుభ్రముగ ఊడ్చి అలికిన పిమ్మటనే ధాన్యము పోయవలెను.

మూడవది. కళ్లపు ఊడ్పును, జల్లెడ పట్టగా దిగిన మట్టిగింజలను కోళ్లకు విసరుట మన యిండ్లలో అలవాటు. చేనిలో గిలిగిచ్చ యున్నచో ఆ ఊడ్పును కోళ్లకు వేయక పాతిపెట్టవలెను.

నాలుగవది. మిగిలిన విత్తనము దండుగ యని విచారింపవలదు. మామిడి పాదులలోనో, గట్టు ప్రక్క బీటిలోనో చల్లి దున్నిన, ఆ రెండు కిలోలును తమ ఖరీదును నేలకు చెల్లించును.

గోగు గింజల సంగతి

గోగు గింజలలో నూటికి సుమారు 20 పాళ్లు నూనె గలదు. కాని ప్రత్తిగింజలలో వలెనే వీనిలోను ఒక విధమైన క్రొవ్వు పదార్థ మున్నది. అది పెట్టల కడుపున బడిన, గ్రుడ్డు కొంతకాలము నిలువ యుంచినపుడు తెల్లసొన గులాబిరంగునకు తిరుగును. అట్టి గ్రుడ్డును కొన్నవాడు మరల మన యింటికి రాడు. కావున గోంగూర ఆకును మనము కూరగా తిందము, గింజను విత్తనమునకు ఉంచుకొందము.

మన కోళ్లకు మన మేత

మంచి మేతకై మనము సముద్రములు దాట నక్కఱలేదు. దినమంతయు తిరిగి పురుగును ఆకును ఏఱుకొని తిను పెరటి కోడికి, సాయంకాలము గూటికి చేరు వేళ 40 గ్రాముల మేత వేసిన చాలును. హైదరాబాదు కోళ్ల పరిశోధనాలయమువారు పెరటి పెంపకమునకై తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ జాతులకును ఇది వర్తించును. గూటనే మూసి పెంచు గ్రుడ్ల పెట్టకు దినమునకు 100 మొదలు 110 గ్రాములు కావలెను. దానిలో మాంసకృత్తులు నూటికి 16 మొదలు 18 పాళ్లుండవలెను.

ఇంట కలుపుకొనదగిన 100 కిలోల మేతకు ఒక పద్ధతి యిది:

మొక్కజొన్న లేక సజ్జ నూక: 45 కిలోలు
తవుడు: 18 కిలోలు
చెనక్కాయ చెక్క: 12 కిలోలు
సోయా చెక్క: 10 కిలోలు
ఎండుచేపల పొడి: 6 కిలోలు
ఆల్చిప్పల పొడి: 7 కిలోలు
ఖనిజలవణ మిశ్రమము: 2 కిలోలు

ఎండుచేపలలో ఉప్పుండును గనుక వేఱుగ ఉప్పు కలుప నక్కఱలేదు. ఇది గ్రుడ్లు పెట్టు పెట్టలకు మాత్రమే. పిల్లలకు ఇంత సున్నము పనికిరాదు.

ఎండుచేపలు ప్రియమైనచో, పలమనేరు, కుప్పము, మదనపల్లె వైపు పట్టుపురుగుల పెంపకము గలదు. దారము తీసిన పిమ్మట గూళ్లలో మిగులు పురుగులను ఎండబెట్టి పొడి చేసిన, మాంసకృత్తులలో చేపల పొడికి తీసిపోదు. దానిలో నూనె యెక్కువ. నూనె తీసిన పొడియైన మేలు. తీయనిదైన కొంచెముగనే కలుపవలెను, లేనిచో గ్రుడ్డునకు వాసన పట్టును.

ఇక పైన చెప్పిన మేలైన క్రొవ్వు కోరువారికి అవిసెగింజలు గలవు. ఇందును పేరు చూచి మోసపోరాదు. తమలపాకుతోటలలో నీడకు వేయు అవిసె చెట్టు వేఱు, నూనెగింజ అవిసె వేఱు. మేము చెప్పునది నూనెగింజను. విదేశపు జనపగింజల నూనెలో ఒమేగా-3 నూటికి 15 మొదలు 20 పాళ్లుండగా, అవిసె నూనెలో సగమునకు పైగా అదియే. పెట్టల మేతలో నూటికి 5 పాళ్లు కలిపిన చాలును. 10 పాళ్లు మించిన గ్రుడ్డు చేపకంపు కొట్టును. ఇట్టి గ్రుడ్లకు పట్టణములలో హెచ్చు ధర యిచ్చువారు గలరు. అట్టి బేరము ముందుగ కుదిరిననే ఈ ఖర్చు పెట్టవలెను.

చెక్కలోని బూజు

చెనక్కాయ చెక్కను మేము ఇంతగా పొగడితిమి గనుక దాని దోషమునుగూడ చెప్పుట మా విధి. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా సీమకోడి పిల్లలు చచ్చినవి. కారణము వెదకగా, బ్రెజిలునుండి వచ్చిన బూజుపట్టిన చెనక్కాయ చెక్క యని తేలెను. ఆ బూజు విషమునకే అఫ్లటాక్సిను అని పేరు. మన చిత్తూరు జిల్లాలోనే 1982లో ఇట్టి విషము చేరిన మేతవలన బ్రాయిలరు కోళ్లు విస్తారముగ చచ్చినవి. ఇదియు కార్జమునే తినివేయును.

మన సీమలో దీనికి కారణము ఋతువే. ఈశాన్యపు వానలు పడు కాలమును, చెనక్కాయ పెఱికి కుప్ప వేయు కాలమును తఱచు ఒక్కటియగును. తడిసిన కాయలోనే బూజు పుట్టును. కాయను గలగలలాడునట్లు ఎండబెట్టి, పుచ్చును, పగిలినదానిని ఏఱివేసి, గానుగకు పంపవలెను. చెక్కను నేలపై గాక పలకలపై, గోడకు దూరముగ నిలువ చేయవలెను. నెలకు సరిపడునంతే కొనవలెను. పచ్చని బూజు గాని, ముక్కవాసన గాని తగిలిన చెక్కను ఎండలో పెట్టి కోళ్లకు వేయుద మనుకొనరాదు, ఎండకు ఆ విషము పోదు. కోళ్ల మేతలో ఈ విషము కిలోకు 20 మైక్రోగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణముల నియమము. ఇది కంటికి కనబడు కొలత గాదు, పరీక్షవలననే తెలియును.

సంఘములు చేయదగిన పని

ఒక్క రైతు పది కిలోల చెక్కను పరీక్షకు పంపుట సాధ్యము గాదు. ఊరిలోని ముప్పది యిండ్లవారు కలిసి సంఘము ద్వారా ఒక్క గానుగనుండి ఒక్కమారు కొనిన, ఒక్క పరీక్ష అందఱికిని సరిపోవును. పశువైద్యశాఖవారి ద్వారా నమూనా పంపవచ్చును. తిరుపతిలో 1955నుండి పశువైద్య కళాశాలయు, 2005నుండి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమును గలవు. ఇంత చేరువలో విద్య యుండగా సంతలో విన్న మాటను నమ్మి కోళ్లను పోగొట్టుకొనుట మనకు తగదు.

పచ్చిరొట్ట విత్తనము పంచు సంఘములవారికి మా మనవి మఱియొకటి. జనుము సంచి యిచ్చునపుడు, "ఇది నేలకు, కోడికి గాదు" అని నోటితో చెప్పి యిండు. సాధ్యమైన సంచిపై వ్రాసి యిండు. విత్తనము తీసికొనిపోవునది యజమానుడైనను, గింజలు విదుపునది ఇంటిలోని ఆడవారును పిల్లలును గనుక ఆ మాట వారి చెవిని పడవలెను. మిగిలిన విత్తనమును సంఘమునకు మరల తెచ్చి, కావలసిన మఱియొక సభ్యునకు ఇచ్చు ఏర్పాటు చేసిన, మూలబడిన సంచి ఏ యింటను ఉండదు.

జనుము నేలకు, చెక్క కోడికి, గంజాయి ఎవ్వరికిని వలదు. ఈ మూడు ముక్కలు జ్ఞాపకముంచుకొనిన సభ్యుని గూటిలో పెట్టలు క్షేమముగ నుండును.